పది లెక్కపెట్టేదాకా

గోనెసంచీ నిండా మట్టి నింపుకుని రైలెక్కే మనిషిని ఎవరైనా ఏమంటారు? ఓబులేసునూ అదే అన్నారు. కర్నూలు జిల్లాలోని తన ఊరి చేలోంచి నల్లరేగడి మట్టి ఎత్తి, సంచీ మూతి దబ్బనంతో కుట్టి, మూడు రైళ్ళు, రెండు బస్సులు మారి మంచుకొండల నడుమ ఉన్న ఆ లోయకు చేర్చాడు. దారిలో టికెట్ కలెక్టరు సంచీ విప్పించి, మోచేతి దాకా చేయి పెట్టి కెలికి, ఇందులో ఏం దాచావని గద్దించాడట. ‘‘మట్టే సార్’’ అంటే నమ్మలేదట.

ఈ కథ ఆయన కూతురు నీలవేణి చిన్నప్పటి నుంచి వందసార్లు విన్నది. చెప్పిన ప్రతిసారీ నాయన ఆ టికెట్ కలెక్టరు మీసాలను ఇంకొంచెం పెంచేవాడు.

ఓబులేసు ఆ లోయలో కొండదారులు వేసే పనికి వెళ్ళాడు, రోడ్డు రోలరు నడిపేవాడు. రెండేళ్ళ కోసమని వెళ్ళినవాడు భార్య సుంకులమ్మను తీసుకెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. అక్కడ నవంబరులో పడ్డ మంచు ఏప్రిల్ దాకా కదలదు. పంటకాలం చూస్తే నాలుగు నెలలు. అందుకని ఊరివాళ్ళు ఓ పద్ధతి పాటిస్తారు. చలికాలానికి ముందే పొడిమట్టి ఎత్తి కొట్టంలో దాస్తారు. మార్చి రాగానే దాన్ని చేటలతో మంచు మీద పలచగా చల్లుతారు. తెల్లని మంచు ఎండను నిలవనివ్వదు, మట్టి ఎండను పట్టి ఉంచుతుంది. అలా కింద మంచు కరిగి వారం ముందే నేల బయటపడుతుంది.

ఓబులేసు అది చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. తర్వాత పెదవి విరిచాడు. ‘‘ఈళ్ళ మట్టి బూడిద రంగుండాది. మా ఊరి మట్టయితే ఎండను గుటుక్కున మింగుతాది’’ అన్నాడు. అన్నంత పనీ చేశాడు. సెలవుకు వెళ్ళినప్పుడల్లా ఒక సంచీ తెచ్చాడు. ఊరంతా నవ్వింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు గదా, ఆయన పెరటి మంచు అందరికంటే నాలుగు రోజులు ముందే కరిగింది. అలా ముప్పై ఏళ్ళు చల్లిన మట్టి, వంటింటి తొక్కలు, మేకల ఎరువు, పొయ్యి బూడిద అన్నీ కలిసి, ఆ ఇంటి వెనక నాలుగు నులకమంచాలు పరిచినంత మేర నల్లటి మడి తయారైంది. ఆ మడిలో చేయి పెడితే మణికట్టు దాకా దిగిపోయేది.

విత్తడానికి నేల సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి ఓబులేసుకు థర్మామీటరు అక్కర్లేదు. బూటు విప్పి, మేజోడు లాగేసి, ఒట్టి పాదం తడినేల మీద మోపేవాడు. ‘‘ఒకటీ, రెండూ...’’ అని కూతురు లెక్కపెట్టాలి. పదిలోపు కాలు లాగేసుకుంటే ఇంకా ఆగాలి. పదిదాకా ఓర్చుకుంటే నానబోసిన బఠాణీలు తేవచ్చు. ఆ బఠాణీలు రాత్రంతా తడిగుడ్డ మూటలో పొయ్యి పక్కన ఉండేవి. తర్వాత ముల్లంగి, పాలకూర, ఆవాకు. నీలవేణి కావాలనే గబగబా లెక్కపెట్టేది. ‘‘దొంగ లెక్క, మల్లా పెట్టు’’ అనేవాడాయన, కాలి వేళ్ళు నీలం తిరుగుతున్నా నవ్వుతూ.

ఓబులేసు పోయి ఎనిమిదేళ్ళయింది. నీలవేణి మట్టి శాస్త్రం చదివి, ఆ లోయలోనే ఉన్న చిన్న పరిశోధనశాలలో చేరింది. ఎంత చదివినా ఆమె మనసులో ఉన్న ప్రశ్న మాత్రం నాయన ప్రశ్నే. ఈ నేలను ఇంకొంచెం ముందు నిద్ర లేపడం ఎలా?

జవాబు ఒక వేడినీటి బుగ్గ పక్కన బురదలో దొరికింది. ఆ బురదలోని ఒక సూక్ష్మజీవిని ఆమె ఆరేళ్ళు పెంచి, మార్చి, మచ్చిక చేసుకుంది. అది మట్టిలోని కుళ్ళిన ఆకును, ఎరువును తిని, అందులోంచి వేడిని వదులుతుంది. కాగితాల మీద దానికో పొడుగాటి సంఖ్య ఉంది. నీలవేణి మాత్రం కుంపటి అని పిలిచేది. పరిశోధనశాల పెద్ద ఖండూరి గారికి తెలుగు రాదు గానీ ఆయనా ‘కుంపటి’ అనడమే నేర్చుకున్నాడు.

పరిశోధనశాల మళ్ళలో మాత్రం కుంపటి అంటుకోలేదు. ఆ ఇసుక నేలల్లో నాలుగు రోజులకే చచ్చిపోయేది. బలమైన మట్టి కావాలి, నీటిని పట్టి ఉంచే బంకమట్టి కావాలి. అటువంటి నేల ఆ లోయ మొత్తం మీద ఒక్కచోటే ఉందని నీలవేణికి తెలుసు. చెప్పొద్దూ, అడగడానికి వారం రోజులు వెనకాడింది.

‘‘అమ్మా, మన మడిలో ఒకటి కలపాల. మట్టిని వెచ్చగా ఉంచుతుంది’’ అన్నది చివరికి, రొట్టెలు కాలుస్తున్న తల్లి పక్కన కూర్చుని.

‘‘యేంది కలిపేది? మందా?’’ సుంకులమ్మ అట్లకాడ ఆపింది.

‘‘మందు కాదు. పెరుగు తోడు లాంటిది. పాలల్లో చుక్క వేస్తే గిన్నంతా ఎట్లా తోడుకుంటుందో అట్లా.’’

తోడు అన్నాక సుంకులమ్మకు వేరే వివరం అవసరం లేకపోయింది. ఆమె తోడు ఆ ఊళ్ళో పేరున్నది. చలికి పాలు తోడుకోని ఇళ్ళవాళ్ళంతా గిన్నె పట్టుకుని ఆ గడపకే వచ్చేవాళ్ళు. ‘‘మీ నాయన మట్టి. సెడగొట్టకుంటే సాలు’’ అని మాత్రం అన్నది. కుంపటి కలపబోయే ముందురోజు ఆమె మడి మధ్య నుంచి ఒక కుండెడు మట్టి ఎత్తి, మూతికి గుడ్డ కట్టి, అటక మీద ఊరగాయ జాడీల పక్కన పెట్టింది. తర్వాత కూతురు ఆ కుండను చూసినా అదీ ఊరగాయే అనుకుంది.

మొదటి ఏడాది మడి చూడటానికి ఊరంతా వచ్చింది. ఫిబ్రవరి నెల, చుట్టూ నడుముల్లోతు మంచు. నడుమ ఆ మడి మాత్రం నల్లగా, తడిగా, పొద్దున పూట ఆవిర్లు కక్కుతూ ఉంది. వారం తిరక్కుండా బఠాణీ మొలిచింది. మంచు గోడల మధ్య పచ్చటి మొలకలు చూసి నీలవేణికి కళ్ళనీళ్ళు ఆగలేదు. నాయన ఉండుంటే ఆ టికెట్ కలెక్టరుకు ఉత్తరం రాసేవాడు.

సుంకులమ్మ ఆచారం తప్పకుండా బూటు విప్పి పాదం మోపింది. నీలవేణి పది, ఇరవై, ముప్పై లెక్కపెట్టింది. కాలు తీయాల్సిన పనే లేదు. కానీ సుంకులమ్మ మొహంలో సంతోషం సగమే కనిపించింది.

‘‘జరమొచ్చిన బిడ్డ ఒళ్ళు మాదిరుండాది’’ అన్నది. ‘‘నేలకు గూడా రోంత నిద్ర కావల్ల గదమ్మే?’’

‘‘నువ్వు అన్నిటికీ అనుమానమే’’ అని నీలవేణి నవ్వేసింది. ఆ నవ్వు తర్వాత ఆమెను చాలాకాలం పొడిచింది.

రెండో ఏడు జనవరిలోనే పాలకూర కోశారు. ఖండూరి గారు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ముల్లంగిని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాడు. ‘‘వచ్చే ఏడు లోయ మొత్తం, నీలవేణీ. ఒక్కొక్క ఊరికీ ఇస్తాం’’ అన్నాడు. ఆ ఏడు పంట ఇంకా ఎక్కువ వచ్చింది. మట్టి రంగు ఒక పిసరు వెలిసినట్టు నీలవేణికి అనిపించింది. తడి తక్కువైందేమో అనుకుని పుస్తకంలో రాసి వదిలేసింది. శాస్త్రవేత్త కళ్ళతో చూసి కూతురి మనసుతో సర్దిచెప్పుకున్నది.

మూడో చలికాలం, ఫిబ్రవరి నడిమధ్య, పొరుగింటి అంగ్మో వచ్చింది. ఆమె సుంకులమ్మ ఈడుదే. దాదాపు నలభై ఏళ్ళుగా ఇద్దరూ రెండు భాషల్లో పోట్లాడుకుని ఒకే హిందీలో రాజీపడతారు. అంగ్మో చాలా సంతోషంగా ఉంది.

‘‘మీ వెచ్చదనం మా చేలోకీ వచ్చింది, నీలా. మంచు పడిందంటే పడ్డచోటే కరిగిపోతోంది’’ అన్నది.

నీలవేణి చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. ‘‘మీ చేలోకి ఎలా వచ్చింది?’’

‘‘మీ అమ్మే ఇచ్చింది కదా, పోయిన ఉగాదికి. చెంబు నిండా.’’

సుంకులమ్మ తల ఎత్తకుండా బఠాణీలు వలుస్తోంది. ‘‘తోడన్నావు గదా నువ్వు’’ అన్నది. ‘‘తోడు అడిగితే లేదనకూడదు. పదకొండు ఇండ్లకు ఇచ్చినా, పసుపు కుంకుమ పెట్టి ఇచ్చినా. పొద్దుగూకినాంక మాత్రం ఎవురికీ ఇయ్యలే.’’

నీలవేణి గ్లాసు కింద పెట్టి పెరట్లోకి పరుగెత్తింది. మడిలో చేయి పెట్టింది. ఒకప్పుడు మణికట్టు దాకా దిగి, ముద్దలా అంటుకునే మట్టి ఇప్పుడు వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. జానెడు లోతు దాకా బూడిదలా తయారైంది. అందులో వానపాము లేదు, వేరు లేదు, ఓబులేసు నలుపు లేదు. ఇంకా కిందికి తవ్వితే నలుపు కొంత మిగిలింది గానీ అదీ వేడిగా ఉంది. కుంపటి పై మట్టిని తినేసి కిందికి దిగుతోంది. ఆకలి తీరని దాన్ని తెచ్చి నాయన మంచం మీద పడుకోబెట్టాను అనుకుంది నీలవేణి. తల్లి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆమె ఏడవలేదు. వచ్చి గుప్పెడు మట్టి తీసుకుని, చూసి, కోపంగా మంచు మీదికి విసిరేసి లోపలికి వెళ్ళిపోయింది.

నీలవేణి ఆ మధ్యాహ్నమే పదకొండు చేలూ తిరిగింది. ప్రతిచోటా మంచులో గుండ్రటి చిల్లులు. నిరుడు చెంబెడు మట్టి పోసిన చోటు ఇప్పుడు బండి పట్టేంత అయింది. పరిశోధనశాల ఇసుకలో నాలుగు రోజులు బతకలేనిది, ఆ నల్లమట్టి తిని బలిసి ఇప్పుడు ఏ నేలలోనైనా బతకడం నేర్చుకుంది. మంచు కరిగే కాలం రాగానే కొండ మీంచి కాలువల్లోకి నీరు దిగుతుంది, ఆ నీరు ప్రతి చేనునూ తడుపుతూ లోయ చివరిదాకా పోతుంది. కుంపటి కూడా దాంతోపాటే పోతుంది. రెండు మూడేళ్ళు ఊరందరికీ బ్రహ్మాండమైన పంట. ఆ తర్వాత లోయ మొత్తం బూడిద. గట్టిగా చూస్తే ఐదు వారాల గడువుంది.

పరిశోధనశాలలో ఖండూరి గారు లెక్కలు చూసి కళ్ళజోడు తీశాడు. ‘‘ఇంకో ఏడాది చూద్దామా? ఎనిమిదేళ్ళ పని ఇది.’’

‘‘మా నాయనది ముప్పై ఏళ్ళ పని సార్’’ అన్నది నీలవేణి. ఆయన లెక్కల పుస్తకం మూసేశాడు.

దాన్ని చంపేదెలా? మందులు పోస్తే మట్టిలో మిగిలిన ప్రాణమూ పోతుంది. గడ్డకడితే కుంపటి చస్తుందని ఆమెకు తెలుసు, కానీ అది గడ్డకట్టనివ్వదు, తన వేడి తనే పుట్టించుకుంటుంది. ఆ ఆలోచనలోనే మర్నాడు పొద్దున పెరట్లోకి వచ్చినప్పుడు, తల్లి నిన్న విసిరిన గుప్పెడు మట్టి మంచు మీద చెల్లాచెదురుగా కనిపించింది. అలవాటు కొద్దీ చెంచాతో ఎత్తి సీసాలో వేసుకుని వెళ్ళి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. అందులో ఒక్కటంటే ఒక్కటి కదలడం లేదు.

ఎరువు దిబ్బ పెద్దదిగా ఉంటేనే లోపల కాగుతుంది, గుప్పెడు ఎరువు విడిగా పడేస్తే చల్లారిపోతుంది. ఈ సంగతి రైతు ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. కుంపటీ అంతే. గుంపుగా ఉన్నంతసేపే దాని బతుకు. పలచగా విడదీసి మంచు మీద పరిస్తే, ఆ లోయ చలికి ఒకటి రెండు రాత్రుల్లోనే చస్తుంది. నీలవేణి మళ్ళీ మళ్ళీ పరీక్షించింది. ప్రతిసారీ అదే ఫలితం. నాయన చేటతో ఏడాదికోసారి చేసిన పనే ఇప్పుడు మందు అయింది. కాకపోతే ఈసారి చల్లాల్సింది కొట్టంలో దాచిన సంచెడు కాదు. మడి మొత్తం, మూడడుగుల లోతు దాకా తవ్వి చల్లాలి.

ఆ సాయంత్రం ఆమె పొయ్యి దగ్గర తల్లి పక్కన కూర్చుంది. సుంకులమ్మే అడిగింది.

‘‘ఎంత తీయల్ల?’’

‘‘అంతా అమ్మా. రవ్వంత మిగిలినా మళ్ళీ రాజుకుంటుంది.’’

సుంకులమ్మ పొయ్యిలో కట్టె సర్దింది. ‘‘మీ నాయన పోయినప్పుడు నేను ఊరికి ఎల్లిపోతానని అందరూ అనుకున్న్యారు. ఈ మట్టుండాదని ఉండిపోతి’’ అన్నది. ‘‘పొద్దున బువ్వ తిని ఆ మడికాడ కూసుంటే ఆయప్ప పక్కనున్నట్టే ఉంటాది నాకు.’’

‘‘తప్పు నాదే అమ్మా.’’

‘‘నీదే’’ అన్నది సుంకులమ్మ మొహమాటం లేకుండా. ‘‘నాది గూడా. అడుసు తొక్కినాంక కాళ్ళు కడగల్ల గదా. పా, ముందు ఆ పదకొండు ఇండ్లకు పోదాం.’’

ఇచ్చిన తోడు తిరిగి అడిగిన ఆడది లోకంలో ఉంటుందా? సుంకులమ్మ అడిగింది. గడప గడపకూ వెళ్ళి, కొంగు నిండా కప్పుకుని నిలబడి, ‘‘నేను ఇచ్చింది మంచిది కాదు. తవ్వి మంచు మీద చల్లేయండి’’ అని తన వంకర హిందీలో చెప్పింది. రెండిళ్ళవాళ్ళు ముఖం ముడుచుకున్నారు. ముందస్తు పంట మీద ఆశపడ్డ ఒకాయన, మీ పెరట్లో మీరు మూడేళ్ళు తిన్నారు, మాకు మాత్రం వద్దా అని నిలదీశాడు. సుంకులమ్మ ఆయన చేయి పట్టుకుని తన పెరట్లోకి నడిపించి, ఆ బూడిద మట్టి ఆయన దోసిట్లో పోసింది. అది వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే ఆయన చూశాడు. మర్నాడు పొద్దున్నే పార భుజాన వేసుకుని వచ్చాడు.

మడినీ, ఆ పదకొండు చేలల్లోని చిల్లులనూ తవ్వడానికి ఆరు రోజులు పట్టింది. అంగ్మో తన కోడళ్ళతో వచ్చింది. ఖండూరి గారు మంకీ టోపీ పెట్టుకుని, బొబ్బలెక్కిన చేతులతో గంపలు మోశాడు. మట్టి ఎక్కడ చల్లాలన్న సందేహం వస్తే, ఎవరి చేను మంచు మీద వాళ్ళు చల్లుకోవచ్చని నీలవేణి చెప్పింది. చచ్చిన కుంపటి వల్ల హాని లేదు. పైగా లోతు మట్టి ఇంకా నల్లగానే ఉంది. ఆ మాటతో ఊరు మొత్తం చేటలు పట్టుకుని కదిలింది.

నీలవేణి తన వాటా చేట తీసుకుని చల్లుతూ ఉంటే, పక్కన నాయన బూట్లు మంచులో కిర్రుమంటున్నట్టే అనిపించింది. చేటను ఎట్లా ఊపాలో ఆయనే నేర్పాడు. ఎక్కువ పడితే మంచు కప్పబడిపోయి కరగదు, తక్కువైతే ఎండ పట్టదు, పేలాలు చెరిగినట్టు చెరగాలి అనేవాడు. మడి తవ్వుతుంటే పార అంచుకు ఒకచోట గోనెసంచీ పేలిక తగిలింది, దబ్బనం కుట్టు ఇంకా దానికి ఉంది. దాన్ని ఆమె జేబులో పెట్టుకుంది. ఏడుపు ఆపుకోలేదు. చలికి ముక్కు ఎర్రబడ్డ పదిమంది ఉన్నచోట ఎవరు ఏడుస్తున్నారో ఎవరు చూస్తారు?

ఆరో రోజుకు మడి ఉన్నచోట గొయ్యి మిగిలింది. దిగువన చేలన్నీ నల్లటి చారలతో నిండిపోయాయి. ఓబులేసు ముప్పై ఏళ్ళు మోసిన మట్టి ఇప్పుడు ఆ ఊరి ప్రతి చేను మీదా పలచగా పరుచుకుని ఉంది. నీలవేణి మూడు రాత్రులు ఆగి, ప్రతి చేనునుంచీ మట్టి తెచ్చి పరీక్షించింది. ఎక్కడా కుంపటి ప్రాణంతో లేదు. తన దగ్గర సీసాల్లో ఉన్నదాన్ని కూడా ఖండూరి గారి ఎదుటే మరిగే నీళ్ళలో వేసేసింది.

ఆ ఏడు ఊరందరి మంచు నాలుగు రోజులు ముందు కరిగింది. ఒక్క ఓబులేసు పెరట్లో మాత్రం, గోతిలో పడ్డ కొత్త మంచు అట్లాగే తెల్లగా ఉండిపోయింది. చల్లడానికి అక్కడ మట్టి లేదు.

ఉగాది రెండు రోజులుందనగా సుంకులమ్మ నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. ఊరగాయ జాడీల పక్కనుంచి ఆ కుండ దించింది. మూతి గుడ్డ విప్పితే, లోపల అసలు నలుపు. నీలవేణి వంగి చూసింది.

‘‘ఇదెప్పటిది?’’

‘‘నువ్వు కుంపటి కలిపేదానికి ముందర తీసింది. తోడు ఎప్పుడన్నా మొత్తం వాడేస్తారంటమ్మే ఎవురన్నా? రోంత తీసి పక్కన పెట్టేది ఆడోల్ల పద్ధతి’’ అన్నది సుంకులమ్మ, ఇందులో వింతేముందన్నట్టు.

నీలవేణి ఆ కుండను రెండు చేతులా పట్టుకుంది. ‘‘దీన్ని జాగ్రత్తగా దాచుదాం అమ్మా. గాజు సీసాలో పెట్టి...’’

‘‘యేం, బొమ్మ మాదిరి సూసుకునేదానికా?’’ సుంకులమ్మ కుండ లాక్కుంది. ‘‘మీ నాయన దీన్ని దాసిపెట్టేదానికి తేలే. సల్లేదానికి తెచ్చినాడు.’’

ఆమె చేటలో కుండ బోర్లించి, గోతి అంచున నిలబడి, మోచేయి ఊపి చల్లింది. కుండెడు మట్టి ఎంతని వస్తుంది? చాప పరిచినంత మేర నల్లబడింది. ఎండ కాసింది. మూడు రోజులకు ఆ మేర మంచు కుంగి, నీరై, అడుగున చిత్తడి నేల కనిపించింది. ఎన్ని తొక్కలు వేసినా, ఎంత ఎరువు పోసినా, అది మళ్ళీ మణికట్టు లోతు మడి కావాలంటే ఇంకో ముప్పై ఏళ్ళు కావాలి. సుంకులమ్మకు అరవై ఎనిమిది నిండాయి. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు.

సుంకులమ్మ కూర్చుని బూటు విప్పింది. మేజోడు లాగి, కూతురి భుజం పట్టుకుని గోతిలోకి దిగి, పాదం మోపింది. వెంటనే ఆమె మొహమంతా ముడుచుకుపోయింది.

‘‘ఏమైంది?’’ నీలవేణి కంగారుపడింది. మళ్ళీ వేడెక్కిందేమోనని వంగి ఆ నేలను తాకబోయింది.

‘‘సల్లగుండాది’’ అన్నది సుంకులమ్మ. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నోరు మాత్రం నవ్వుతోంది. ‘‘ఎముకలు కొరికేస్తాండాది. జరం పోయిందమ్మే. లెక్కపెట్టు.’’

నీలవేణి లెక్కపెట్టింది. ఆరు దగ్గర తల్లి కాలు లాగేసుకుంది. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ దిగింది, ఎనిమిది. ఆ తర్వాత వారానికి, ఊళ్ళో అందరి బఠాణీలూ మొలిచిపోయాక, నీలవేణి గబగబా లెక్కపెట్టబోతే సుంకులమ్మ ఆమె నెత్తిన మొట్టింది.

‘‘దొంగ లెక్క. మల్లా పెట్టు.’’

నీలవేణి నెమ్మదిగా, ఒక్కొక్క అంకె దగ్గరా ఆగి, మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిది. పది. పాదం కదలలేదు.

‘‘మూట తే’’ అన్నది సుంకులమ్మ.